జీఎంపీ, ప్యారీ సోర్స్ నుంచి బిల్డ్ చేయాలి: రూట్ పాస్‌వర్డ్ లేదు, గడియారం వెనక్కి పోతోంది

చీపురుపల్లి_లెక్కలు (శనివారం ఉదయం)

అందరికీ నమస్కారం. విజయనగరం జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో మ్యాథ్స్ చెబుతాను. ఫైనలియర్ పిల్లలకి నంబర్ థియరీ మీద ప్రాజెక్టు ఇచ్చాం. సీ భాషలో ప్రోగ్రాములు రాయాలి. ఇరవై, ముప్పై అంకెల సంఖ్యలు వస్తాయి కాబట్టి పెద్ద సంఖ్యల లెక్కలు చేసే జీఎంపీ లైబ్రరీ కావాలి. జవాబు సరిచూసుకోవడానికి ప్యారీ/జీపీ (ప్యారీ నంబర్ థియరీ లైబ్రరీ, జీపీ దాని కాలిక్యులేటర్) ఉంటే బాగుంటుంది.

ల్యాబ్‌లో ఉన్నవి 4 జీబీ ర్యామ్ మెషిన్లు. ఉబుంటు 22.04, సీ ల్యాబ్ కోసం వేసిన జీసీసీ కంపైలర్, ఫైళ్లని వరుసగా కంపైల్ చేయించే మేక్ ఉన్నాయి. నెట్ లేదు. రూట్ (అడ్మిన్) పాస్‌వర్డ్ తెలిసినాయన బదిలీ అయిపోయారు. ఫోన్ చేస్తే "గుర్తు లేదు మేడమ్" అంటున్నారు. అందుకని ఇంట్లో జీఎంపీ 6.3.0 సోర్స్ డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, హోమ్ ఫోల్డర్‌లో విప్పి, కాన్ఫిగర్ (కంపైల్‌కి ముందు మెషిన్‌ని పరీక్షించే స్క్రిప్టు) కొట్టాను. మొదట్లోనే ఇలా ఆగిపోయింది:

> ఎర్రర్: న్యూలీ క్రియేటెడ్ ఫైల్ ఈజ్ ఓల్డర్ దేన్ డిస్ట్రిబ్యూటెడ్ ఫైల్స్! చెక్ యువర్ సిస్టమ్ క్లాక్

డేట్ చూస్తే 2022 అని ఉంది. బయోస్‌లోకి (మెషిన్ ఆన్ కాగానే వచ్చే సెట్టింగుల్లోకి) వెళ్తే 2011 అని ఉంది. రెండూ తప్పే, పైగా రెండూ వేరు! ఇంకో ప్రశ్న. ఇవన్నీ విడివిడిగా పెట్టుకునే బదులు సేజ్‌మ్యాథ్ మొత్తాన్ని ఒకేసారి సోర్స్ నుంచి కడితే మంచిదా?

---

రాజాం_కుర్రోడు

మేడమ్, సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ప్యారీ-జీపీ కొట్టండి. రెండు నిమిషాల పని. సోర్స్ గోల ఎందుకు?

---

సాలూరు_ఘాట్

తమ్ముడూ, పోస్ట్ పూర్తిగా చదివావా? సుడో లేదు, నెట్ లేదు అని రాశారు కదా.

---

గంటస్తంభం_రిపేర్లు

ఏటి మేడమ్, మదర్‌బోర్డు మీద బ్యాటరీ అయిపోయింది, అంతే. గుండ్రంగా రూపాయి బిళ్లలా ఉంటుంది, సీఆర్2032 అంటారు. యాభై రూపాయల్లోపు దొరుకుతుంది. మెయిన్ ఆఫ్ చేసినా, కరెంటు పోయినా బయోస్ టైమ్ ఫ్యాక్టరీ డేట్‌కి వెళ్లిపోతుంది. మీ దగ్గర మధ్యాహ్నం కరెంటు తీస్తారు కదా, ప్రతిసారీ ఇదే పాట. నా షాపుకి వచ్చే పాత డెస్క్‌టాపుల్లో సగానికి ఇదే జబ్బు.

బయోస్‌కి పాస్‌వర్డ్ లేకపోతే ముందు అక్కడే డేట్ సరిచేసుకోవచ్చు, దానికి రూట్ అక్కర్లేదు. కానీ లైనక్స్ 2022 ఎందుకు చూపిస్తోందో నాకూ అంతు పట్టలేదు.

---

నాగావళి_ఒడ్డు

అది సిస్టమ్‌డీ (లైనక్స్‌లో మిగతావన్నీ మొదలుపెట్టే ప్రోగ్రాము) చేసే పని. బూట్ అయ్యేటప్పుడు మెషిన్ టైమ్ తను తయారైన తేదీ కన్నా వెనక ఉంటే "ఇది కుదరని మాట" అనుకుని, గడియారాన్ని తన తేదీకి జరుపుతుంది. మీ ఉబుంటు 2022 ఏప్రిల్‌ది కాబట్టి 2011 కాస్తా 2022 అయింది. జీఎంపీ 6.3.0 వచ్చింది 2023 జూలైలో. టార్ ఫైల్ (సోర్స్ అంతా కట్టగట్టిన ఫైల్) విప్పితే లోపలి ఫైళ్లకి వాటి అసలు తేదీలే వస్తాయి. అంటే మీ మెషిన్ లెక్కలో ఆ ఫైళ్లన్నీ ఇంకా పుట్టలేదు. కాన్ఫిగర్ ఒక కొత్త ఫైల్ సృష్టించి, అది పాత ఫైళ్ల కన్నా పాతదిగా కనబడేసరికి ఆగిపోయింది.

ఆగడం మంచిదే అయింది. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రాసినప్పటి నుంచీ మేక్ తేదీల మీదే బతుకుతోంది. సీ ఫైల్ కన్నా ఆబ్జెక్ట్ ఫైల్ కొత్తదైతే వదిలేస్తుంది, పాతదైతే మళ్లీ కంపైల్ చేస్తుంది. గడియారం అబద్ధం చెబితే మేక్ కూడా అబద్ధమే చెబుతుంది. సగం కొత్తవి, సగం పాతవి కలిసిన లైబ్రరీ తయారై, లెక్క తప్పు వచ్చినప్పుడు ఎవరిని అడుగుతాం?

---

రాజాం_కుర్రోడు

సరే, చదివాను 🙏 అయితే టచ్ కమాండ్‌తో ఫైళ్లన్నిటికీ ఇప్పటి టైమ్ పెట్టేస్తే సరిపోదా? ఫైండ్‌తో ఒక్క లైన్.

---

నాగావళి_ఒడ్డు

పోతుంది గానీ ఇంకోటి వస్తుంది. టచ్ ఒక్కో ఫైల్‌నీ వరుసగా తాకుతుంది కాబట్టి తేదీల్లో సెకను కన్నా చిన్న తేడాలుంటాయి. కాన్ఫిగర్ స్క్రిప్టు కన్నా, దాన్ని పుట్టించే మూలఫైల్ ఒక వెంట్రుకవాసి కొత్తదైతే చాలు, మేక్ "ఆటోకాన్ఫ్ మళ్లీ నడపాలి" అంటుంది. అప్పుడు "ఆటోమేక్ దొరకలేదు", "ఏసీలోకల్ దొరకలేదు" అని కొత్త గొడవ మొదలు. అలా చేయక తప్పకపోతే టచ్‌కి ఒకే తేదీ ఇచ్చి అన్నిటికీ అదే వేయాలి. తేదీలు సమానమైతే మేక్ నోరెత్తదు.

మేడమ్‌కి అదీ అవసరం లేదు. ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఉబుంటు దానికదే టైమ్ సర్వర్‌ని అడిగి గడియారం సరిచేసుకుంటుంది, రూట్ అడగదు. ఒకసారి సరైన టైమ్ తెలిశాక దాన్ని ఒక ఫైల్‌లో గుర్తు పెట్టుకుంటుంది. రేపు కరెంటు పోయి బయోస్ మళ్లీ 2011కి పోయినా, లైనక్స్ ఆ గుర్తు కన్నా వెనక్కి మాత్రం వెళ్లదు. టైమ్ సరిగ్గా ఉండకపోవచ్చు, కానీ 2023 కన్నా వెనక్కి పోదు. మన పనికి అది చాలు. తర్వాత సగంలో ఆగిన ఫోల్డర్ తీసేసి, టార్ మళ్లీ విప్పండి.

---

బొబ్బిలి_సిస్టమ్స్

సేజ్ సంగతి నేను చెబుతాను. 4 జీబీ మెషిన్‌లో సేజ్‌ని సోర్స్ నుంచి కట్టాలనుకోవద్దు. 2005లో విలియమ్ స్టైన్ మొదలుపెట్టినప్పటి నుంచీ సేజ్ పద్ధతి ఒకటే, ఉన్న మంచి సాఫ్ట్‌వేర్లన్నిటినీ పైథాన్ కింద ఒకచోట కూర్చడం. ప్యారీ, గ్యాప్, మాక్సిమా, సింగ్యులర్, ఫ్లింట్ అన్నీ దాని కడుపులో ఉన్నాయి. సోర్స్ నుంచి కడితే సిస్టమ్‌లో లేనివన్నీ ఒక్కొక్కటిగా కంపైల్ అవుతాయి. గంటలు పడుతుంది, డిస్కు పది జీబీ పైన తింటుంది. మేక్‌కి నాలుగు జాబ్‌లు ఇస్తే నాలుగు సీ ప్లస్ ప్లస్ కంపైలర్లు ఒకేసారి ర్యామ్ అడుగుతాయి. చివరికి కెర్నల్ వచ్చి ఒకదాన్ని చంపుతుంది. స్క్రీన్ మీద "కిల్డ్ సిగ్నల్ టెర్మినేటెడ్ ప్రోగ్రామ్ సీసీ1ప్లస్" అని వస్తుంది. కొత్తవాళ్లు అది కోడ్‌లో తప్పనుకుని ఫోరమ్‌లన్నీ వెతుకుతారు. అది ర్యామ్ చాలకపోవడం, అంతే.

పెద్ద మెషిన్ ఉన్నవాళ్లకి రెండు మాటలు. ఫోల్డర్ పేరులో స్పేస్ ఉండకూడదు. కట్టాక దాన్ని ఇంకోచోటికి జరపకూడదు.

---

పలాస_జీడి

ఊరు పలాస, ఉద్యోగం బెంగళూరు. ఈ రోజుల్లో చేత్తో కంపైల్ చేయడం నాకు అర్థం కాని సరదా. మైక్రోమాంబా అని ఒక్క ఫైల్ ఉంటుంది, రూట్ అక్కర్లేదు. కోండా-ఫోర్జ్ అనే ప్యాకేజీల భాండాగారం నుంచి ప్యారీ, జీఎంపీ, కావాలంటే సేజ్ కూడా రెడీమేడ్‌గా హోమ్ ఫోల్డర్‌లోకి వస్తాయి. డెవలప్ చేసే ఉద్దేశం లేనివాళ్లకి సేజ్ వాళ్లు కూడా కోండా దారి చూపిస్తున్నారు. అది వద్దంటే నెట్ ఉన్న ఉబుంటులో ఆప్ట్-గెట్ డౌన్‌లోడ్‌తో డెబ్ ఫైల్ తెచ్చి, డీపీకేజీ హైఫన్ ఎక్స్‌తో హోమ్‌లో విప్పుకోండి. దానికీ రూట్ అడగదు. మేడమ్ టైమ్ విలువైనది కదా?

---

సాలూరు_ఘాట్

బెంగళూరు నుంచి అన్నీ సులువుగానే కనబడతాయి అన్నా. కోండా అంటే వందల ఎంబీలు, అదీ ఫోన్ హాట్‌స్పాట్ మీద. జీఎంపీ సోర్స్ రెండు ఎంబీలు. ప్యారీ సోర్స్ పది ఎంబీలు దాటదు. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మీ పలాసలోనే రోజుల తరబడి కరెంటూ లేదు, సిగ్నలూ లేదు. అప్పట్నుంచి నేను కావలసిన సోర్స్ టార్‌లన్నీ ఒక హార్డ్‌డిస్క్‌లో పెట్టుకుంటున్నాను. కంపైలర్ ఉంటే చాలు, ఎక్కడైనా పని నడుస్తుంది.

---

పలాస_జీడి

తిత్లీ మాట ఎత్తితే నేనేం అనను, మా జీడితోట పోయింది అందులో. కానీ ఒక టార్ తెస్తే దానికి ఇంకోటి కావాలంటుంది, దానికి మరోటి. మేడమ్‌కి రేపు ఎం4 అనే ఇంకో టూల్ లేదని వస్తుంది చూడండి.

---

చీపురుపల్లి_లెక్కలు (సోమవారం)

టెథరింగ్ పెట్టగానే టైమ్ సరైంది, నాగావళి గారికి థాంక్స్. కాన్ఫిగర్ ముందుకెళ్లింది. జీడి గారి నోటి వాక్కు ఫలించింది: "నో యూజబుల్ ఎం4".

రెడీమేడ్ సంగతి ఆలోచించాను. మా పిల్లలు ప్యారీ లైబ్రరీని సీ నుంచి పిలవాలి, సోర్స్‌లో ఫంక్షన్లు ఎలా రాశారో చదవాలి. ఏ ఫైల్ ఎక్కడికి పోయిందో కళ్లముందు కనబడాలంటే సోర్సే నయం అనిపించింది. ఒక మెషిన్‌లో కట్టి మిగతావాటికి కాపీ చేసుకుంటాను. అన్నిటిలోనూ యూజర్ పేరు ఒకటే.

---

నాగావళి_ఒడ్డు

ఎం4 1.4.19 తీసుకోండి, 1.4.18 వద్దు. పాతది ఇప్పటి జీలిబ్‌సీతో (లైనక్స్ సీ లైబ్రరీతో) కంపైల్ కాక మధ్యలో చతికిలబడుతుంది. ప్రిఫిక్స్‌గా (ఇన్‌స్టాల్ అయ్యే చోటుగా) హోమ్‌లోని డాట్ లోకల్ ఫోల్డర్ ఇవ్వండి. ఇన్‌స్టాల్ అయ్యాక ఒకసారి లాగవుట్ చేసి మళ్లీ లాగిన్ అవ్వండి. ఉబుంటు ఆ ఫోల్డర్‌లోని బిన్‌ని లాగిన్ సమయంలోనే పాత్‌లో (కమాండ్ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితాలో) కలుపుతుంది. అది చేయకే చాలామంది "ఎం4 పెట్టాను, అయినా దొరకట్లేదు" అంటారు.

జీఎంపీకీ అదే ప్రిఫిక్స్. మేక్ అయ్యాక మేక్ చెక్ తప్పకుండా నడపండి. వేరే సాఫ్ట్‌వేర్లలో దాన్ని దాటేస్తే దాటేయవచ్చు, జీఎంపీలో మాత్రం వద్దు. లోపల అసెంబ్లీ కోడ్ ఉంటుంది, కంపైలర్ బగ్గులు ముందుగా బయటపడేది ఇక్కడే. ఆ మాట జీఎంపీ వాళ్లే గట్టిగా చెబుతారు. క్రాష్ అయితే తెలుస్తుంది, గుణకారం జవాబు తప్పు వస్తే ఎవరికి తెలుస్తుంది?

ఇంకో మాట. జీఎంపీ లేకపోయినా ప్యారీ బిల్డ్ అవుతుంది. దానికి సొంత కెర్నల్ (అంకెల లెక్కలు చేసే లోపలి భాగం, లైనక్స్ కెర్నల్ కాదు) ఉంది, సంఖ్యలు మరీ పెద్దవైతేనే నెమ్మదిస్తుంది. మీకు సీ ప్రోగ్రాములకి ఎలాగూ జీఎంపీ కావాలి కాబట్టి దానితోనే కట్టండి.

---

బొబ్బిలి_సిస్టమ్స్

ఫెడోరా లాంటి కొత్త లైనక్స్‌లో ఉన్నవాళ్ల కోసం: జీసీసీ 15తో జీఎంపీ 6.3.0 కాన్ఫిగర్ దగ్గరే "పనిచేసే కంపైలర్ లేదు" అంటుంది. కంపైలర్ బాగానే ఉంటుంది. జీసీసీ 15 సీ23 ప్రమాణాన్ని డిఫాల్ట్ చేసుకుంది, కాన్ఫిగర్‌లోని పాత పరీక్ష కోడ్ దానికి నచ్చదు. సీఫ్లాగ్స్‌లో స్టాండర్డ్‌ని జీఎన్‌యూ17 అని ఇస్తే పోతుంది. మేడమ్ ఉబుంటుకి ఈ బాధ లేదు.

---

చీపురుపల్లి_లెక్కలు (మంగళవారం)

జీఎంపీ అయింది. మేక్ చెక్‌లో అన్నీ పాస్. ప్యారీ ఫోల్డర్‌లో కాన్ఫిగర్ అని కొడితే అలాంటి ఫైల్ లేదంటోంది.

---

రాజాం_కుర్రోడు

ఇది నాకు తెలుసు మేడమ్! ప్యారీలో కాన్ఫిగర్‌కి మొదటి అక్షరం పెద్ద సీ. అది ఆటోకాన్ఫ్ స్క్రిప్టు కాదు, ప్యారీ వాళ్లు సొంతంగా రాసుకున్నది. విత్-జీఎంపీ అని ఇచ్చి మీ ప్రిఫిక్స్ ఫోల్డర్ చూపించండి. తర్వాత మేక్ ఆల్, మేక్ బెంచ్, మేక్ ఇన్‌స్టాల్. బెంచ్‌లో ఎక్కడైనా బగ్ అనే మాట కనబడితే ఆగి ఇక్కడ పెట్టండి.

---

సాలూరు_ఘాట్

శభాష్ తమ్ముడూ.

---

చీపురుపల్లి_లెక్కలు (బుధవారం)

జీపీ వచ్చింది! ప్రశ్నార్థకం ప్రాంప్ట్ చూసి పిల్లలు చప్పట్లు కొట్టారు. 2^67−1 కారణాంకాలు అడిగితే రెప్పపాటులో 193707721, 761838257287 ఇచ్చింది. 1903లో కోల్ అనే ఆయన ఆదివారాలన్నీ కూర్చుని సాధించిన లెక్క అని కథ చెబుతారు కదా, అది.

ఇప్పుడు రెండు సమస్యలు. ఒకటి, పైబాణం కీ నొక్కితే పాత లైన్ రాకుండా ^[[ అని, పక్కన ఒక ఇంగ్లిష్ అక్షరం పడుతోంది. రెండు, కాపీ చేసిన మెషిన్లలో కిటికీ పక్కనున్న రెండు పాతవి జీపీ తెరవగానే "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్, కోర్ డంప్డ్" అంటున్నాయి. మిగతావి బాగున్నాయి.

---

నాగావళి_ఒడ్డు

రెండోది ముందు. జీఎంపీ కాన్ఫిగర్ మీరు కట్టిన మెషిన్ ప్రాసెసర్ ఏదో కనిపెట్టి, సరిగ్గా దానికి సరిపడే అసెంబ్లీ ఎంచుకుంటుంది. వేగం కోసమే అది. కానీ ఆ కోడ్‌లో పాత ప్రాసెసర్‌కి తెలియని ఆజ్ఞలు ఉంటాయి. పక్కనే ఉన్న పాత మెషిన్‌కి ఇస్తే మొదటి లెక్కకే చేతులెత్తేస్తుంది. జీఎంపీని ఎనేబుల్-ఫ్యాట్ ఆప్షన్‌తో మళ్లీ కట్టండి. అప్పుడు రకరకాల ప్రాసెసర్ల కోడ్ అంతా లోపల ఉంటుంది, నడిచేటప్పుడు మెషిన్‌ని చూసి తగినది ఎంచుకుంటుంది. లైబ్రరీ కాస్త లావవుతుంది, అంతే. ముందు మేక్ డిస్ట్‌క్లీన్ కొట్టి మొదలుపెట్టండి, పాత ఆబ్జెక్ట్ ఫైళ్లు కలవకూడదు.

బాణం కీ సంగతి రీడ్‌లైన్ (టైపు చేసిన పాత లైన్లు తిరిగి తెచ్చే లైబ్రరీ). జీపీ తెరిచినప్పుడు పైన వచ్చే నాలుగు లైన్లు ఒకసారి చదవండి. "రీడ్‌లైన్ నాట్ కంపైల్డ్ ఇన్" అని ఉండాలి. దాని పైన కెర్నల్ అన్నచోట జీఎంపీ పేరు, వెర్షన్ ఉన్నాయో లేవో కూడా చూడండి. మన ప్యారీ నిజంగా జీఎంపీతో కలిసిందా అనేది తెలిసేది అక్కడే.

---

బొబ్బిలి_సిస్టమ్స్

రీడ్‌లైన్ సోర్స్ కడితే దానికి ఎన్‌కర్సెస్ (టెర్మినల్ స్క్రీన్‌ని నడిపే లైబ్రరీ) కావాలి. ముందు ఎన్‌కర్సెస్‌ని విత్-షేర్డ్ ఇచ్చి కట్టండి, లేకపోతే స్టాటిక్ లైబ్రరీలు మాత్రమే చేస్తుంది. రీడ్‌లైన్‌కి మేక్ కొట్టేటప్పుడు ఎస్‌హెచ్‌లిబ్ అండర్‌స్కోర్ లిబ్స్‌లో ఎన్‌కర్సెస్ పేరు ఇవ్వాలి. అది మరిచిపోతే కంపైల్ చక్కగా అయిపోతుంది, వాడేటప్పుడు "అన్‌డిఫైన్డ్ సింబల్: యూపీ" అని ఏడుస్తుంది. తర్వాత ప్యారీ కాన్ఫిగర్‌కి విత్-రీడ్‌లైన్ చూపించి మళ్లీ కట్టాలి.

ఇంత అక్కర్లేదు అనుకుంటే, పిల్లల్ని లెక్కలు ఎడిటర్‌లో ఫైల్‌గా రాసుకుని జీపీలోకి రీడ్ చేయించమనండి. ప్రాజెక్టుకి ఎలాగూ ఫైల్ కావాలి.

---

పలాస_జీడి

లెక్కపెట్టండి: ఎం4, జీఎంపీ, జీఎంపీ మళ్లీ, ఎన్‌కర్సెస్, రీడ్‌లైన్, ప్యారీ, ప్యారీ మళ్లీ. నేను చెప్పింది అదే. కానీ ఫ్యాట్ ఆప్షన్ సంగతి మాత్రం నాకూ కొత్తే, ఆఫీసులో పనికొస్తుంది.

---

చీపురుపల్లి_లెక్కలు (శుక్రవారం)

ఫ్యాట్ పెట్టి కట్టాక కిటికీ పక్క మెషిన్లూ లేచాయి. రీడ్‌లైన్ కూడా అయింది. యూపీ ఎర్రర్ రాకుండా బొబ్బిలి గారు ముందే కాపాడారు. గంటస్తంభం దగ్గర బ్యాటరీలు కూడా కొని తెచ్చాం. ప్రిన్సిపాల్ గారు బిల్లు అడిగారు, పాస్ చేస్తారో లేదో చూడాలి.

ఇక అసలు లెక్క. భాస్కరాచార్యుడు 1150లో చక్రవాళ పద్ధతితో చేసిన ఎక్స్² − 61వై² = 1 మా ప్రాజెక్టులో మొదటిది. ఫెర్మా 1657లో ఇదే 61ని అందరికీ సవాలుగా విసిరాడు. కనిష్ఠ సాధన ఎక్స్ = 1766319049, వై = 226153980 అని పిల్లలకి తెలుసు. జీపీలో క్వాడ్‌యూనిట్(61) ఆరో ఘాతం అడిగితే 1540165069 + 452307960·డబ్ల్యూ అని వచ్చింది. "మేడమ్, కంపైల్ తప్పు అయింది, మేక్ చెక్ అబద్ధం చెప్పింది" అని ఒకడు తేల్చేశాడు.

---

సాలూరు_ఘాట్

😀 ఆ కుర్రాడికి ముందుంది మంచి కాలం. ఎవరైనా చెప్పండి మరి.

---

నాగావళి_ఒడ్డు

బిల్డ్ బాగానే ఉంది. 61ని 4తో భాగిస్తే శేషం 1 కాబట్టి ప్యారీ డబ్ల్యూ అంటే √61 కాదు, (1+√61)/2. అంటే 452307960లో సగం, 226153980, √61 పక్కకి పోతుంది. మిగిలిన సగం 1540165069కి కలపాలి: 1766319049. రెండూ మీ పిల్లలు చెప్పినవే.

ఆరో ఘాతం ఎందుకో కూడా వాళ్లనే చేసి చూడమనండి. క్వాడ్‌యూనిట్(61) ఇచ్చేది 17 + 5·డబ్ల్యూ, అంటే (39+5√61)/2. దాని నార్మ్ (మొదటి భాగం వర్గంలోంచి √61 పక్కదాని వర్గానికి 61 రెట్లు తీసేస్తే వచ్చేది) −1. మూడో ఘాతం 29718 + 3805√61, అర పోయి పూర్ణాంకాలు వచ్చాయి గానీ నార్మ్ ఇంకా −1. దాన్ని వర్గం చేస్తే +1.

---

చీపురుపల్లి_లెక్కలు

29718 వర్గం, 3805 వర్గం వాళ్లు ఇప్పుడే బోర్డు మీద చేస్తున్నారు, కాలిక్యులేటర్ ముట్టుకోకుండా. కిటికీ పక్క పాత మెషిన్‌లో ఇదే లెక్క సీ ప్రోగ్రాముగా కంపైల్ అవుతోంది.

---

పలాస_జీడి

మేడమ్, మా పలాసలో తెలిసిన కాలేజీ వాళ్లకీ ఇదే కావాలట. మీ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో ఇస్తారా? వచ్చే వారం ఊరికి వస్తున్నాను.

---

చీపురుపల్లి_లెక్కలు

తప్పకుండా. కానీ ఫోల్డర్‌ని ఉన్నదున్నట్టు కాపీ చేయను, టార్ చేసి ఇస్తాను. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే లైబ్రరీల సింబాలిక్ లింకులు పోతాయి, ఎగ్జిక్యూట్ పర్మిషన్లూ నిలవవు. వాళ్లు అక్కడ హోమ్‌లోనే విప్పుకోవాలి. వాళ్ల యూజర్ పేరు వేరైతే ఫోల్డర్ దారి మారిపోతుంది, అప్పుడు ఇది నడవదు. ముందు ఆ పేరు కనుక్కోండి. లేదంటే సోర్స్ టార్‌లు అన్నీ కూడా అందులోనే పెడతాను, అక్కడే కట్టుకుంటారు.

---

పలాస_జీడి

సోర్స్ కూడా పెట్టండి.